నాలుగడుగుల గది

మంచు తోసే యంత్రానికి పెట్రోలు కోసం ఆర్విడ్ కోస్కి డబ్బా పట్టుకుని హైవే మీది బంకుకు వెళ్ళాడు. డబ్బా నింపి పంపు పక్కన పెట్టి, పనిలో పనిగా మరుగుదొడ్డి వైపు నడిచాడు. ఎవరో నేల తుడుస్తున్నట్టున్నారు, ఆడవాళ్ళ గది తలుపు మూసుకోకుండా బకెట్టు అడ్డం పెట్టి ఉంది. లోపల ఒక మనిషి చేతులు కడుక్కునే తొట్టిలోకి తల వంచి జుట్టు కడుక్కుంటోంది. తొట్టి చిన్నది. తల పూర్తిగా పట్టక, చెంప గోడకు ఆనించి, అరచేత్తో నీళ్ళు పట్టి మెడ మీద పోసుకుంటోంది. ఒంటి మీద వృద్ధాశ్రమం వాళ్ళ ఆకుపచ్చ దుస్తులు. ఎడమ చెవి వెనక, చిన్నప్పుడు సైకిలు మీంచి పడినప్పటి మచ్చ.

ఆర్విడ్ కూతుర్ని పిలవలేదు. చప్పుడు కాకుండా రెండడుగులు వెనక్కి వేశాడు. ట్రీనా తల పైకెత్తి, గోడకున్న పెట్టెలోంచి కాగితాలు ఒక్కొక్కటే లాగి జుట్టు ఒత్తుకుంటోంది. ఒక కాగితం తడిసి చిరిగిపోతే ఉండ చుట్టి పక్కన పెట్టి ఇంకోటి లాగుతోంది.

బయట ఆమె నీలం కారు ఉంది. వెనకసీటు నిండా అద్దాల అంచు దాకా అట్టపెట్టెలు. ముందు సీటు వెనక్కి వాల్చి ఉంది, దాని మీద తలగడ. కప్పు పెట్టుకునే గుంటలో టూత్‌బ్రష్షు. ఆర్విడ్ తన పికప్ ఎక్కి ఇంటికి వచ్చేశాడు. పెట్రోలు డబ్బా పంపు దగ్గరే ఉండిపోయింది.

అతని భార్య డోరీన్ వంటింట్లో పాస్టీలు చేస్తోంది. మాంసం, బంగాళాదుంప ముక్కలు కూరి, పిండి అంచులు వేళ్ళతో మడిచి నొక్కుతోంది.

"నీకు తెలుసా?" అన్నాడు ఆర్విడ్, కోటు విప్పకుండానే.

ఏం తెలుసని ఆమె అడగలేదు. "ఆగస్టు నుంచీ తెలుసు" అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవాడివి?"

"అద్దె ఇల్లు ఏమైంది?"

"ఇంటివాడు ఖాళీ చేయించాడు. సరస్సు చూడ్డానికి వచ్చేవాళ్ళకి రోజువారీ అద్దెకిస్తున్నాడు. ఊళ్ళో ఇప్పుడు అందరి పనీ అదే. అది ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగింది. దొరకలేదు." డోరీన్ ఒక పాస్టీ పళ్ళెంలో పెట్టి ఇంకోటి అందుకుంది. "రోజంతా ముసలాళ్ళకి స్నానాలు చేయిస్తుంది. తను పోసుకోడానికి చోటు లేదు."

"ఇంటికి రావచ్చుగా."

"వచ్చింది. మే నెలలో, ఆ అద్దె ఇల్లు దొరక్కముందు, పెట్టెలతో సహా వచ్చింది. గుమ్మంలోనే దాన్ని ఏమడిగావ్?"

"ఎన్నాళ్ళుంటావని అడిగాను. అంతేగా. ఎవరైనా అడుగుతారు."

డోరీన్ పిండి అంచు నొక్కుతూనే ఉంది. నొక్కిన చోటే మళ్ళీ నొక్కుతోంది.

ఆర్విడ్ గ్యారేజీలోకి వెళ్ళి దీపం వేశాడు. మధ్యలో వేసవిలో మొదలెట్టిన ట్రైలర్ ఉంది. రెండు చక్రాల ఇనుప చట్రం, దాని మీద చెక్క నేల, రెండు పక్కగోడలు. ముందువైపు గుండ్రంగా లేచి వెనక్కి సన్నగా జారిపోయే గోడలు. పక్కనుంచి చూస్తే అడ్డం పడుకున్న కన్నీటిబొట్టులా ఉంటుంది. చేపలకి వెళ్ళినప్పుడు పడుకోడానికని మొదలెట్టాడు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు. పైకప్పు లేదు, తలుపుల్లేవు. జూలైలో దోమలు ఎక్కువయ్యాయని వదిలేశాడు.

అతను నేల మీది రంపంపొట్టు చేత్తో తోసి, గోడల మధ్య వెల్లకిలా పడుకున్నాడు. ట్రీనా ఎత్తూ తనదీ ఒకటే. తలకీ కాళ్ళకీ చోటు సరిపోయింది. మోచేతులు చాపి చూశాడు. ఒక మనిషికి బాగానే ఉంది.

శనివారం పెద్ద మంచు పడుతుందని రేడియోలో రెండు రోజులుగా చెబుతున్నారు. ఆ రోజు సోమవారం.

*

మంగళవారం పొద్దున ఎదురింటి గోర్డీ కాఫీ కప్పుతో వచ్చి గ్యారేజీ తలుపు దగ్గర నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళు ఆర్విడ్ స్కూలు బస్సు నడిపితే, అదే ముప్పై ఏళ్ళు గోర్డీ అదే వీధుల్లో ఉత్తరాలు పంచాడు.

"ఏంట్రా, చేపలకి చలేస్తోందని ఇల్లు కడుతున్నావా?"

ఆర్విడ్ అడ్డపట్టీకి జిగురు రాస్తున్నాడు. ఒక గోడనుంచి ఇంకో గోడకి, వంపు పొడుగునా జానెడు ఎడంతో పట్టీలు బిగించాలి. వాటి మీదే పైకప్పు వంగి కూర్చుంటుంది.

"పని ఉంటే మాట్లాడు, లేకపోతే పో" అన్నాడు.

"ఎండాకాలమంతా వారానికొక మేకు కొట్టావు. ఇప్పుడేమో కొంపంటుకున్నట్టు కొడుతున్నావు. ఎవరికిరా ఇది?"

"నాకే."

"నవంబర్లో చేపల వేటకా?"

ఆర్విడ్ జిగురు డబ్బా పక్కన పెట్టాడు. పట్టీ గోడకు ఆనించి మరలు తిప్పాడు. మొదటి మర వంకర దిగింది. తీసి మళ్ళీ దించితే చెక్క చీలింది. అతని చేతికి వడ్రంగం ఎప్పుడూ పట్టుబడలేదు. బస్సు స్టీరింగుకు అలవాటైన చేతులు, దేన్నైనా గట్టిగా పట్టుకోవడమే వాటికి తెలుసు.

గోర్డీ కాఫీ తాగుతూ కాసేపు చూశాడు. "పక్క కౌంటీలో ఒకాయన పోయాడట, విన్నావా? కారులో పడుకుంటున్నాడు. చలికి ఇంజను ఆపకుండా నిద్రపోయాడు. వెనక పొగగొట్టం చుట్టూ మంచు పేరుకుపోయి పొగంతా కారులోకే వచ్చింది. పొద్దున తలుపు తీసేసరికి ఏముంది."

ఆర్విడ్ చేతిలో మర తిప్పే యంత్రం ఆగింది.

"మీ అమ్మాయి బాగుందా?" అన్నాడు గోర్డీ, గొంతు తగ్గించి.

"బాగుంది."

గోర్డీ తన బూట్ల వంక చూసుకున్నాడు. కప్పులో మిగిలిన కాఫీ బయట గడ్డి మీద పారబోసి వెళ్ళాడు. కాసేపటికి రెండు చేతులనిండా, చెక్కల్ని కదలకుండా పట్టి ఉంచే ఇనుప బిగింపులు తెచ్చి బల్ల మీద పడేశాడు. "ఇవి పెట్టి బిగించి, తర్వాత మర దించు. చెక్క చీలదు" అని వెళ్ళిపోయాడు.

బుధవారానికి పట్టీలన్నీ పడ్డాయి. పక్కగోడలకు లోపల థర్మాకోల్ పలకలు అతికించాడు. ఎక్కడైనా సందు కనిపిస్తే నురుగు జిగురు కొట్టాడు. తినడానికి లోపలికి వెళ్ళినప్పుడు కూడా కోటు విప్పలేదు. డోరీన్ సూపు పెడితే నిలబడే తాగాడు. నోట్లో చెంచా ఉండగానే కన్ను కిటికీలోంచి ఆకాశం మీద ఉంది.

"రోజూ ఒంటిగంటకి దాని డ్యూటీ అయిపోతుంది" అంది డోరీన్. "పెద్ద దుకాణం వెనక పార్కింగులో ఆపుకుంటుంది. నేను ఇవాళ పాస్టీలు తీసుకెళ్ళాను."

"తీసుకుందా?"

"తీసుకుంది. దుప్పటి తీసుకోలేదు. పెట్టడానికి చోటు లేదంది."

"శనివారానికి ఇది అయిపోతుంది."

డోరీన్ అతని ముఖంలోకి చూసింది. ఖాళీ గిన్నె తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం గ్యారేజీలో పనిచేస్తుంటే మేడ మీద బరువైనదేదో ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. ట్రీనా గదిలో పెట్టుకున్న కుట్టుమిషను అయి ఉంటుంది. ఆర్విడ్ పైకి వెళ్ళి చూడలేదు. తలుపు చట్రం కొలుచుకుంటూ ఉన్నాడు.

*

గురువారం పైకప్పు వంచాలి.

పలచటి ప్లైవుడ్ పలకను ముందు నుంచి పెట్టి, పట్టీల మీదుగా వెనక్కి వంచుకుంటూ, బిగించుకుంటూ పోవాలి. ముందువైపు వంపు ఎక్కువ. డోరీన్ వంటింట్లోంచి వేడినీళ్ళలో ముంచిన తువాళ్ళు తెచ్చి పలక మీద పరుస్తోంది. ఆవిరి లేచి దీపం చుట్టూ తిరుగుతోంది.

"నానిందా?" అంది.

"నానింది."

"ఇంకాసేపు ఉంచు."

"నానిందంటున్నానుగా."

ఆర్విడ్ రెండు చేతులతో పలక అంచు పట్టి కిందికి నొక్కాడు. పలక వంగింది. ఇంకాస్త నొక్కాడు. డోరీన్ రెండో వైపు పట్టుకుంది. అతను మోకాలు ఆనించి బిగింపు అందుకోబోయాడు. అంతలో ఎముక విరిగినట్టు పెద్ద చప్పుడైంది. పలక మధ్యలో, ఈ చివర నుంచి ఆ చివర దాకా పగిలింది. పగిలిన అంచు ఆర్విడ్ అరచేతిని గీరుకుంటూ పైకి లేచింది.

అతను చెయ్యి చూసుకోలేదు. పగులు వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత సుత్తి తీసుకుని ఆ పలకను కొట్టాడు. అప్పటికే విరిగినదాన్ని మళ్ళీ మళ్ళీ కొట్టాడు. డోరీన్ తడి తువాలు గుండెలకు పట్టుకుని గోడ వైపు జరిగింది. చివరికి సుత్తి కింద పడేసి చక్రం మీద కూర్చుండిపోయాడు.

"దానికి మంచులో..." అని ఆగాడు. మళ్ళీ మొదలెట్టాడు. "తొట్టిలో తల కడుక్కుంటోంది డోరీన్. తల పట్టలేదు దాంట్లో."

డోరీన్ వచ్చి అతని చెయ్యి తిప్పి చూసి, తడి తువాలుతో చుట్టింది. వేడినీళ్ళకు గాయం మండింది.

"వెళ్ళి చూడు దాన్ని" అంది. "ఇది కాకపోయినా వెళ్ళు."

"ఏమని వెళ్ళను? ఉత్త చేతులతో వెళ్ళి ఏం చెప్పను?"

డోరీన్ కోటు అందుకుంది. బయటికి వెళ్ళి ఎదురింటి తలుపు కొట్టింది. గోర్డీ పికప్‌లో పట్నం వెళ్ళి ఇంకో రెండు పలకలు తెచ్చాడు. ఈసారి గోర్డీ ఒకవైపు, డోరీన్ ఒకవైపు పట్టుకున్నారు. ఆర్విడ్ మధ్యలో ఉండి అంగుళం అంగుళం వంచాడు. చివరి పట్టీ మీద పలక కూర్చున్నాక గోర్డీ, "నా నడుము కూడా ఇలాగే వంగిపోయిందిరా, దాన్నెవడు నిటారు చేస్తాడు" అన్నాడు. డోరీన్ కొంచెం నవ్వింది.

శుక్రవారం పైన అల్యూమినియం రేకు పరిచి, రెండు పక్కలా తలుపులు బిగించాడు. వెనకవైపు వంటసామాను పెట్టుకునే అరకు పైకెత్తే మూత ఒకటి ఉండాలి. దానికి టైము లేదని పలక కొట్టి మూసేశాడు. పరుపు కత్తిరించి వేశాడు. తలుపులకు బయట తాళాలు పెట్టాడు. పెట్టి, వేసి, తీసి చూశాడు.

*

శనివారం మధ్యాహ్నం సన్నగా మంచు మొదలైంది. ఆర్విడ్ ట్రైలర్‌ని పికప్ వెనక తగిలించుకుని ఒక్కడే వెళ్ళాడు. నేనూ వస్తానని డోరీన్ కోటు వేసుకుంటే, వద్దు, నేను మాట్లాడతాను అన్నాడు.

దుకాణం వెనక, చెత్తడబ్బాలకు అవతల నీలం కారు ఉంది. దాని పక్కనే పాత స్టేషన్ వ్యాగన్ కారు ఒకటి, అద్దాలకు లోపల నుంచి దుప్పట్లు కట్టి ఉంది. ట్రీనా పికప్‌ని చూసి దిగింది. పని దుస్తుల మీదే కోటు వేసుకుంది. ముఖం పీక్కుపోయింది.

"అమ్మకేమైనా అయిందా?"

"లేదు, లేదు. అమ్మ బాగుంది." ఆర్విడ్ చేతి తొడుగులు తీశాడు, మళ్ళీ వేసుకున్నాడు. "ఇది నీకు. నీ కోసం చేశాను."

ట్రీనా ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగింది. రేకు మీద పడిన మంచును వేలితో గీసింది. ఆర్విడ్ వెనకే నడుస్తూ చెబుతున్నాడు. గోడల్లో థర్మాకోల్ ఉంది. పైన గాలి పోయే కన్నం ఉంది, మంచు పడినా మూసుకోదు. పరుపు మెత్తగా ఉంటుంది. ఒక్కో మాటకీ ఆమె తల ఊపుతోంది. తలుపు తీసి, లోపలికి పాకి, పడుకుని తలుపు మూసుకుంది. ఆర్విడ్ బయట మంచులో నిలబడ్డాడు. ఆమె చాలాసేపు రాలేదు.

వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బాగుంది" అంది. "పరుపు బాగుంది. కాళ్ళు చాపుకుని ఎన్నాళ్ళయిందో."

"మరి ఇక్కడే పెట్టుకో. కావాలంటే ఆశ్రమం వెనక పెట్టుకో. ఎక్కడికంటే అక్కడికి లాక్కెళ్ళొచ్చు."

"నాన్నా, మేడ మీద నా గదిలో ఇప్పుడెవరుంటున్నారు?"

"ఎవరూ లేరు."

"పక్క గదిలో?"

ఆర్విడ్ తలుపు మీది మంచు చేత్తో తుడిచాడు.

"నువ్వు చెడ్డవాడివని నేననడం లేదు" అంది ట్రీనా. గొంతు పెంచలేదు, ఆశ్రమంలో చెవులు వినపడని ముసలాళ్ళతో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "చేతులు కోసుకుని మరీ చేశావు. కనబడుతోంది. కానీ రెండు గదులు ఖాళీగా పెట్టుకుని నాకు పార్కింగులో గది కట్టి తెచ్చావు. దీన్ని చూసి నేనేమనుకోవాలి? ఇంటికి రావద్దని ఇంతకంటే మర్యాదగా ఎవరైనా చెప్తారా?"

"అలా అనుకుని చెయ్యలేదు."

"తెలుసు."

"రమ్మంటే వస్తావా?"

"అది రమ్మనడం కాదు. నేనేమంటానో ముందు తెలుసుకోవడం."

మంచు వాళ్ళిద్దరి భుజాల మీద పడుతోంది. పక్క వ్యాగన్ తలుపు తెరుచుకుని ఒక ముసలామె దిగింది. డెబ్భై దాటినట్టుంది. పాదాలు వాచి మగవాళ్ళ బూట్లలో కూడా ఇరుగ్గా ఉన్నాయి. కారు అంచు పట్టుకుని నిలబడి ట్రైలర్ వంక చూసింది.

"ఈవిడ లూసిల్ గారు" అంది ట్రీనా. "కూర్చునే నిద్రపోతారు. అందుకే కాళ్ళు ఆ తీరున ఉన్నాయి. దీన్ని ఈవిడకిచ్చెయ్ నాన్నా."

"నీ కోసం చేశాను."

"నాకిచ్చినట్టే. నేను ఈవిడకిస్తున్నాను."

లూసిల్ దగ్గరికి వచ్చి తలుపు తెరిచి, లోపల చెయ్యి పెట్టి చెక్కంతా తడిమి చూసింది. "లోపల గడియ లేదే" అంది.

"బయట మంచి తాళాలున్నాయి" అన్నాడు ఆర్విడ్.

"బయట తాళం సామానుకయ్యా. మనిషి పడుకునేదానికి గడియ లోపలుండాలి. ఇక్కడ కొన్నిసార్లు తాగినవాళ్ళొచ్చి అద్దాలు కొడతారు."

ఆర్విడ్ కూతురి వంక చూశాడు. ట్రీనా తల తిప్పుకుంది. ఆగస్టు నుంచీ ఆమె ఎలా నిద్రపోతోందో ఆ తల తిప్పుకోవడంలో అతనికి తెలిసింది. పికప్ దగ్గరికి వెళ్ళి పనిముట్ల పెట్టె తెరిచాడు. అడుగున రెండు పాత గడియలు దొరికాయి. మోకాళ్ళ మీద ట్రైలర్‌లోకి వంగి, తొడుగులు తీసేసి, తలుపు లోపలివైపు ఒకటి ఆనించి మరలు దించడం మొదలెట్టాడు. వేళ్ళు కొయ్యబారాయి. మర జారి పరుపు మీద పడితే వెతికి తీశాడు. వీపు మీద మంచు పడుతూనే ఉంది.

"ఇంటికి రా" అన్నాడు, తలుపు చెక్కతో చెబుతున్నట్టు.

"ఏమన్నావ్?" అంది వెనకనుంచి ట్రీనా.

అతను మర పూర్తిగా బిగించాడు. గడియ వేసి తీసి చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద నుంచి లేచి, ఆమె వైపు తిరిగాడు. అంత దగ్గరగా కూతురి ముఖం చూసి ఎంతకాలమైందో. కంటి కింద సన్నగా నలుపు దిగింది.

"ఇంటికి రా ట్రీనా. ఎందుకు, ఎప్పటిదాకా అని నేనడగను. వచ్చెయ్."

ట్రీనా ముందుకు వచ్చింది. అతని జుట్టు మీది మంచు చేత్తో దులిపింది. "రెండో తలుపుకీ గడియ పెట్టి వెళ్ళు" అంది. "తెల్లారి నాకు డ్యూటీ ఉంది."

రెండో తలుపుకీ పెట్టాడు. ట్రైలర్‌ని కొక్కెం నుంచి విప్పి, చక్రాలకు చెక్కముక్కలు అడ్డం పెట్టాడు. లూసిల్ తన దుప్పట్లు ఒక్కొక్కటే మోసుకొచ్చి లోపల పరుచుకుంటుంటే ట్రీనా అందించింది. అతను పికప్ కదిలించేసరికి ట్రైలర్ లోపల గడియ పడిన చప్పుడైంది.

ఇంటి ముందు డోరీన్ కోటుతోనే నిలబడి ఉంది. పికప్ వెనక ఏమీ లేకపోవడం చూసింది. పికప్ వెనక ఏ కారూ రాకపోవడం కూడా చూసింది.

"చెప్పాను" అన్నాడు ఆర్విడ్.

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

ఆ రాత్రి మోకాలిలోతు మంచు పడింది.

*

ఆదివారం పొద్దుటినుంచీ ఆర్విడ్ ఇంటి ముందు దారి మీది మంచు తవ్వుతూనే ఉన్నాడు. పెట్రోలు డబ్బా బంకులో వదిలేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చి, పారతోనే ఎత్తిపోశాడు. ఒక కారుకు సరిపడా తవ్వాక ఆగలేదు. ఇంకో కారుకు సరిపడా తవ్వాడు. గోర్డీ అవతలి నుంచి చూసి, తన పార తెచ్చుకుని రెండో కొస నుంచి మొదలెట్టాడు.

రెండు దాటాక నీలం కారు వచ్చి తవ్విన చోట ఆగింది. ఇంజను ఆగింది. తలుపు తెరుచుకోలేదు.

వంటింటి కిటికీలోంచి ఇద్దరూ చూశారు. ట్రీనా స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా గ్యారేజీ తలుపు వంక చూస్తోంది. అద్దం మీద ఆమె ఊపిరి పొగలా కమ్ముతోంది.

"వెళ్ళనా?" అన్నాడు ఆర్విడ్.

"నన్నడుగుతావేం" అంది డోరీన్.

కోటు లేకుండానే వెళ్ళాడు. వెనక తలుపు తీసి, పైనున్న పెట్టె ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు. మేడ మీద, కుట్టుమిషను లేని గదిలో మంచం పక్కన పెట్టాడు. మంచం మీద ఉతికిన దుప్పట్లు పరిచి ఉన్నాయి. కిందికి వచ్చి రెండోది తీసుకెళ్ళాడు. మూడో దానికి వచ్చేసరికి ట్రీనా దిగి, కారుకు ఆనుకుని నిలబడింది. డోరీన్ గుమ్మంలో ఉంది, చేతులు ముందుకు చాపలేదు, పక్కకు జరిగి దారి వదిలింది.

"అది వంటసామాను. పైకెందుకు?" అంది ట్రీనా.

"ఎక్కడ పెట్టను?"

"కింద ఎక్కడైనా."

ఒక్కో పెట్టె తీస్తుంటే వెనకసీటు బయటపడుతోంది. చివరికి ఒకటి మిగిలింది. తేలిగ్గా ఉంది. మూత సరిగా లేదు, లోపల తలగడ, దుప్పటి, టార్చి లైటు, అద్దాలకు అడ్డం పెట్టుకునే అట్టముక్కలు కనిపించాయి. ఆర్విడ్ దాన్ని ఎత్తుకుని రెండడుగులు వేశాడు.

"నాన్నా" అంది ట్రీనా. "అదొక్కటీ కారులోనే ఉండనీ."

ఆమె అతని వంక చూడలేదు, చేతులు జేబుల్లో పెట్టుకుని గుమ్మం వైపు నడిచింది. ఆర్విడ్ పెట్టె పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చి, దాన్ని తీసిన చోటే సీటు మీద పెట్టి, జారకుండా సర్ది, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.